కింది చేలో పడుకున్న పిల్ల

కొత్త సమాధికి ఏ రంగు వేయించాలన్న దాని మీదే మూడు రోజులు తగువు నడిచింది. పార్లిన్ తెలుపన్నాడు. ఈస్టరు సెలవులకి జకార్తా నుంచి దిగిన అతని అక్క సొందంగ్ మాత్రం, తెల్లగా ఉంటే మంచు పట్టిన రోజున గోడ ఏదో మంచు ఏదో తెలియదనీ, ఇంతెత్తున కట్టింది దారిన పోయేవాళ్ళ కంట పడకపోతే కట్టి ఏం లాభమనీ, నీలం వేయాల్సిందేనంది. చివరికి గోడలకి తెలుపూ, పైన ఉన్న సిలువకి నీలమూ వేశారు. తోబా సరస్సుకి ఎగువన కొండ మీద ఉన్న ఆ ఊళ్ళో, బతికున్నవాళ్ళ ఇళ్ళు చెక్కవీ రేకులవీ అయినా, పోయినవాళ్ళ ఇళ్ళు మాత్రం సిమెంటువే.

అక్కడి ఆచారం అది. మనిషి పోయినప్పుడు ముందు మట్టిలో పెడతారు. ఏళ్ళు గడిచాక, పిల్లలందరికీ వీలు కుదిరినప్పుడు తవ్వి, ఎముకలు తీసి, పసుపునీళ్ళతోనూ నిమ్మరసంతోనూ కడిగి, కొత్త బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి, వంశం మొత్తానికీ కలిపి కట్టిన ఆ సిమెంటు ఇంట్లోకి ఎక్కిస్తారు. కడబూర మోగిన రోజున తాతలూ అవ్వలూ కొడుకులూ కోడళ్ళూ అందరూ ఒక్క గుమ్మంలోంచి లేచి రావాలని వాళ్ళ ఆశ. పాస్టర్లు మొదట్లో ముఖం చిట్లించారు గానీ, ఊరు మాట వినే రకం కాదని తెలిశాక వాళ్ళే వచ్చి ప్రార్థన చేసి పెడుతున్నారు.

అయితే ఆ గుమ్మం అందరికీ తెరుచుకోదు. బిడ్డల్ని కని, మనవల్ని ఎత్తుకుని పోయినవాళ్ళకే ఆ గౌరవం. పసితనంలో పోయినవాళ్ళని ఊరికి దిగువన, కాఫీ తోటల అవతల, ఎవరూ దున్నని ఒక చేలో పెడతారు. కింది చేను అంటారు దాన్ని. అక్కడ పడుకున్నవాళ్ళని ఎవరూ పైకి తేరు.

పార్లిన్ భార్య లమ్రియాకి ఉన్న ఒక్కగానొక్క కూతురు ఆ కింది చేలోనే ఉంది.

పిల్ల పేరు తియూర్. పన్నెండేళ్ళ కిందట, తొమ్మిదేళ్ళ వయసులో, మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆ తర్వాత లమ్రియాకి మళ్ళీ కడుపు పండలేదు. ఆ ఊళ్ళో తొలి బిడ్డ పుట్టగానే జనం తల్లి పేరు మరిచిపోతారు, బిడ్డ పేరు పెట్టే పిలుస్తారు. అందుకని బిడ్డ పోయినా ఆమె తియూర్ అమ్మే. సంతలో, చర్చిలో, బావి దగ్గర రోజుకి ఇరవైసార్లు ఆ పేరు చెవిన పడేది. మొదట్లో ముల్లు గుచ్చినట్టు ఉండేది. పోనుపోను, ఎవరూ అలా పిలవని రోజే ఆమెకి తోచేది కాదు.

ఇప్పుడు అత్తగారి ఎముకలు పైకి ఎక్కుతున్నాయి. శనివారం తవ్వకం, ఆదివారం ఈస్టరు ఆరాధన అవగానే పెట్టెని సమాధిలో పెట్టి గుమ్మం మూసెయ్యడం. మూశాక మళ్ళీ ఇరవై ముప్ఫై ఏళ్ళ దాకా దాన్ని తెరవరు. ఆ లోపల తను కూడా పోతుంది. తను ఎలాగూ ఆ గుమ్మంలోంచే లేస్తుంది, పెళ్ళయిన కోడలు కాబట్టి. మరి తియూర్?

ఈ మాటే పాస్టరుగారిని అడిగింది. ఆయన కుర్రవాడు, కొండగాలి పడక ఎప్పుడూ జలుబుతో ఉంటాడు.

"దేవుడికి సిమెంటుతో పనేముందమ్మా?" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "సముద్రంలో పోయినవాళ్ళని కూడా లేపుతాడు. మీ పాపని వదిలేస్తాడా?"

"లేపుతాడు, సరేనయ్యా. లేచాక సంగతి నేనడిగేది. మేమంతా పైన లేస్తాం, అదొక్కటీ కింద లేస్తుంది. దారి ఎవరు చూపిస్తారు? దానికసలే చీకటంటే భయం."

"లేచేటప్పుడు మనిషి మునుపటిలా ఉండదమ్మా," అన్నాడు పాస్టరుగారు. "అవిటితనం ఉండదు, భయం ఉండదు. మునుపటి లోపాలన్నీ పోతాయి. మీరు దిగులు పెట్టుకోకండి."

దిగులు పెట్టుకోకండి అని చెప్పడం ఎంత తేలికో! లమ్రియా ఇంటికొచ్చి, సిగ్గు విడిచి ఆడపడుచుని అడిగింది.

"అత్తయ్య పెట్టెలో ఒక మూల చాలు వదినా. ఎంతుంటుంది, చేటెడు కూడా ఉండదు."

సొందంగ్ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "చేటెడైనా పుట్టెడైనా పద్ధతి పద్ధతే అమ్మాయ్. ఇవాళ నీ పిల్ల. రేపు ఊళ్ళో ప్రతి తల్లీ బుట్ట పట్టుకుని వస్తుంది. అది సమాధి అనుకున్నావా, సంత అనుకున్నావా?"

లమ్రియా మొగుడి వైపు చూసింది. పార్లిన్ గోడకంటిన నీలం రంగు మరకని గోటితో గీకుతూ నిలబడ్డాడు. కూతురి మాట వస్తే ఎప్పుడూ అంతే, చేతికి ఏదో పని దొరుకుతుంది.

"అక్క చెప్పింది విను," అన్నాడు గోడతో.

ఆమె వినలేదు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం ఊరు ఊరంతా చర్చికి వెళ్ళింది. మూడు గంటల ఆరాధన అది. లమ్రియా తలనొప్పని పడుకుంది. పాటలు మొదలయ్యాయని రూఢి చేసుకుని, గునపమూ బుట్టా తీసుకుని పెరటి దారిన దిగింది. అప్పటికే మంచు కమ్ముకుంటోంది. ఆ కొండ మీద మధ్యాహ్నపు మంచు కొత్తేమీ కాదు; పది అడుగుల అవతలి చెట్టు కనిపించదు, ఆకుల మీద నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. కాఫీ చెట్లు దాటేసరికి ఆమె జాకెట్టు భుజాల దాకా తడిసింది.

ఇబ్బంది ఒక్కటే. పిల్ల పోయాక ఆ ఊళ్ళో ఉండలేక మొగుడూ పెళ్ళాం మెదాన్ నగరానికి పోయి పదేళ్ళు ఉన్నారు. తిరిగి వచ్చేసరికి కింది చేలో ఒక్క సిలువా లేదు. గడ్డికి నిప్పు పెట్టినప్పుడు చెక్క సిలువలన్నీ కాలిపోయాయట. కాటికాపరి ముసలాయన్ని అడిగితే, "సాంబ్రాణి చెట్టు మొద్దు దగ్గర్నుంచి రెండోదో మూడోదో. నువ్వు తల్లివి, నాకంటే నీకే బాగా తెలియాలి," అని నవ్వాడు. లమ్రియా రెండేళ్ళుగా మూడో దిబ్బ దగ్గరే మోకరిస్తోంది. దాని మీద ఎర్రాకు మొక్క ఏపుగా ఉంది. అలాంటి మొక్క తను నాటినట్టు ఆమెకి జ్ఞాపకం. ఏ చేత్తో నాటానని అడిగితే మాత్రం చెప్పలేదు.

మొద్దు నుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. కొట్టేసి ఇన్నేళ్ళయినా తడి తగిలితే చాలు, ఆ మొద్దు వాసన కొడుతుంది. పైన చర్చిలో పాట వినిపిస్తోంది, మంచులో నానిపోయి, మాటలు తెలియకుండా. లమ్రియా రెండో దిబ్బ వైపు ఒకసారి చూసింది. మొక్క లేదు, ఏమీ లేదు, మట్టి కుంగి పళ్ళెంలా ఉంది. మూడో దాని మీద గునపం వేసింది.

మట్టి మెత్తగా ఉంది. ఎర్ర బంకమట్టి. మోకాటి లోతు దిగేసరికి గునపం పక్కన పెట్టి చేతులతో తోడడం మొదలుపెట్టింది. తన పిల్లకి గునపం తగిలితే... వేళ్ళ సందుల్లో మట్టి. గోళ్ళ కింద మట్టి. చల్లగా. ఇంకా చల్లగా. అప్పుడు చేతికి గుండ్రంగా, నున్నగా తగిలింది.

ఆమె ఏడవలేదు. ఏడ్చే తీరిక లేదు. ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుని, జాకెట్టు అంచుతో తుడిచి బుట్టలో పేర్చింది. చుట్టిన బట్ట పీలికైనా కనిపించలేదు. తను స్వయంగా నేసిన దుప్పటిలో చుట్టి పడుకోబెట్టింది పిల్లని. పన్నెండేళ్ళు కదా, చివికిపోయి ఉంటుందిలే అనుకుంది. బుట్ట మీద కర్రపెండలం ఆకు కప్పి, గుంట పూడ్చి, మొక్కని మళ్ళీ నాటి లేచింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక మట్టి జారిన చప్పుడు. తను పూడ్చిన గుంటలో కాదు. దాని పక్క దిబ్బలో. పైనుంచి కిందికి జారిన చప్పుడు కాదది. లోపలికి పీల్చుకున్నట్టుగా... చాలా మెల్లగా.

లమ్రియా వెనక్కి తిరగలేదు. పైన పాట ఆగిపోయి ఉంది.

వంటింట్లో గొళ్ళెం పెట్టుకుని, వెడల్పాటి గిన్నెలో పసుపు కలిపి, నిమ్మకాయ పిండి, ఎముకల్ని ఒక్కొక్కటే కడిగింది. పురిటిలో పిల్లకి నీళ్ళు పోసినట్టే పోసింది. గొణుగుతూ కబుర్లు కూడా చెప్పింది. ఎడమచెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె నోరు ఆగింది.

తియూర్ ఆరేళ్ళప్పుడు గేదె మీద నుంచి పడి ఎడమ ముంజెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టినవాడి చేతకానితనమో ఏమో, ఎముక వంకరగా అతుక్కుంది. బడిలో ఆ చేతిని చూసి పిల్లలు వెక్కిరించేవాళ్ళు. ఇప్పుడు గిన్నెలో ఉన్న రెండు ముంజేతి ఎముకలూ తీగ లాగినట్టు తిన్నగా ఉన్నాయి.

చాలాసేపు చూసింది. తిప్పి చూసింది. దీపం దగ్గర పెట్టి చూసింది.

తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. అవిటితనం ఉండదని పాస్టరుగారు చెప్పనే చెప్పాడు. దేవుడు అప్పుడే పని మొదలుపెట్టాడేమో. ముందు చెయ్యి బాగుచేశాడేమో. నమ్మాలనుకున్న మనిషికి ఏ సాక్ష్యమైనా సరిపోతుంది. లమ్రియా ఎముకల్ని తుడిచి, తెల్లబట్టలో మూటకట్టి, బియ్యపు డబ్బా వెనక దాచింది.

శనివారం పని అనుకున్నట్టే జరిగింది. మొదటి గునపం వేసే హక్కు పోయిన మనిషి పుట్టింటివాళ్ళది. అత్తగారి తమ్ముడి కొడుకు వచ్చి వేశాడు. అత్తగారి పుర్రె బయటికి రాగానే సొందంగ్ దాన్ని శాలువాలో పట్టుకుని భోరుమంది. ఎంత గయ్యాళి అయినా ఆ ఏడుపు నిజం. పంది మాంసం ఉడుకుతున్న వాసన, పసుపు వాసన, కొత్త రంగు వాసన కలిసి వాకిలంతా నిండాయి. ఎముకలు కడిగి చుట్టి పెట్టెలో సర్దే పని కోడలిది. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు లమ్రియా అడుగున మూట పెట్టి, పైన అత్తగారిని పడుకోబెట్టి, మూత వేసింది.

పెట్టెని ముందుగదిలోకి మోసేటప్పుడు సొందంగ్ ఒక పక్క పట్టుకుంది. "మా అమ్మ ఇంత బరువా!" అంది ముక్కు చీదుతూనే. "పోయాక ఒళ్ళు చేసినట్టుందే."

అందరూ నవ్వారు. లమ్రియా కూడా నవ్వింది.

ఆ రాత్రి పెట్టె పక్కన తనే పడుకుంటానంది. అత్తగారి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందని సొందంగ్ ఆశ్చర్యపోయింది గానీ, అలసిపోయి ఉందేమో లోపలి గదిలోకి వెళ్ళి నిద్రపోయింది. పార్లిన్ చుట్టాలతో వసారాలో పడుకున్నాడు. వేకువన నాలుగున్నరకి అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గర ఆరాధనకి వెళ్ళాలి కాబట్టి పెట్టె దగ్గరిది తప్ప దీపాలన్నీ తొందరగానే ఆర్పేశారు.

లమ్రియా పెట్టె మీద చెయ్యి వేసి పడుకుంది. పన్నెండేళ్ళ తర్వాత బిడ్డ పక్కన పడుకోవడం. ఎంత హాయిగా ఉండాలి! ఉండలేదు. ఎటు తిరిగినా నిద్ర పట్టలేదు. చెక్క చల్లగా ఉంది, ఎంతసేపు చెయ్యి పెట్టినా వెచ్చబడలేదు. తియూర్ అని లోపల అనుకుంటే ఆ పిల్ల ముఖం కళ్ళ ముందుకి రాలేదు. ఎప్పుడూ వచ్చేది. ఆ రాత్రే రాలేదు.

తెల్లవారుజామున కాస్త కునుకు పట్టినట్టుంది. పెరటి తలుపు మీద చప్పుడుకి మెలకువ వచ్చింది. కొట్టిన చప్పుడు కాదు. అరచెయ్యి ఆనించి, తడిమినట్టు.

ఆమె లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. చెక్క సందుల్లోంచి సాంబ్రాణి వాసన, తడిమట్టి వాసన.

"ఎవరది?"

ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు. చాలాకాలం తర్వాత పీల్చుకుంటున్నట్టు, తప్పటడుగుల్లా... ఆగి, ఆగి.

"అమ్మా..."

ఆడగొంతు. చిన్నపిల్లది కాదు. వయసొచ్చిన పిల్ల గొంతు, ఎన్నాళ్ళుగానో వాడక బొంగురుపోయింది. లమ్రియా మనసులోనే ఇంట్లో ఆడవాళ్ళని లెక్కపెట్టుకుంది. సొందంగ్ గురక వినిపిస్తోంది. సొందంగ్ కూతుళ్ళిద్దరూ చాప మీద కనిపిస్తూనే ఉన్నారు. బయట ఉండాల్సినవాళ్ళు ఎవరూ లేరు.

"నేనేనమ్మా. తియూర్‌ని. తలుపు తియ్యి."

లమ్రియా వెనక్కి తిరిగి పెట్టె వైపు చూసింది. పెట్టె ఉన్నచోటే ఉంది. తన బిడ్డ ఇక్కడ ఉంది. తను తవ్వి తీసింది, తను కడిగింది. మరి ఇది ఎవరు? పండగ రాత్రి పేరు దొంగిలించి వచ్చే దెయ్యాల సంగతి ఆమె చిన్నప్పుడు చాలా వింది.

"నువ్వు నా పిల్లవి కాదు," అంది గుసగుసగా. "నా పిల్లది తొమ్మిదేళ్ళ గొంతు. నాకు తెలియదా?"

బయట నేల మీద కాళ్ళు మార్చుకున్న చప్పుడు.

"చలేస్తోందమ్మా. చీకట్లో ఒక్కదాన్నే వచ్చాను."

"నీ తల్లిని నేను కాదు."

"ఒక్కసారి చూడు. చూస్తే తెలుస్తుంది... ఒక్కసారి."

గొళ్ళెం మీద లమ్రియా చెయ్యి ఉంది. తీయడానికి పెట్టిందో బిగించడానికి పెట్టిందో ఆమెకే తెలియదు. తీస్తే ఏముంటుంది? తలుపు తీసి, అది తన బిడ్డే అయితే, ఈ పెట్టెలో ఉన్నది ఎవరు? ఆ ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఆమెకి కోపం వచ్చింది. భయం ముదిరితే వచ్చే కోపం అది.

"ప్రభువు పేరున చెబుతున్నాను, పో! నువ్వెవరో నేనెరగను. నీ తల్లి ఎక్కడుందో అక్కడికి పో."

రేకుల మీద నుంచి మంచునీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి.

"అలాగేనండి," అంది బయటి గొంతు.

ఎక్కడో పొరుగింటి కోడి కూసింది. లమ్రియా తలుపుకి వీపు ఆనించి అలాగే కింద కూర్చుండిపోయింది. భయపెట్టింది ఆ గొంతు కాదు. చివర్లో ఆ 'అండి' అన్న మర్యాద. దెయ్యాలకి తిట్టడం తెలుసు, ఏడవడం తెలుసు. చిన్నబుచ్చుకోవడం కూడా తెలుసా?

నాలుగున్నరకి ఇల్లంతా లేచింది. కొవ్వొత్తులు, శాలువాలు, దగ్గులు, చెప్పులు వెతుక్కోవడాలు. గుంపంతా ముందు వాకిట్లోంచి బయలుదేరి పైదారి పట్టింది. లమ్రియా నాలుగు ఇళ్ళ దాకా వాళ్ళతో నడిచి, చెప్పు తెగిందని వెనకబడింది. తర్వాత కిందికి పరిగెత్తింది.

చేతిలో కొవ్వొత్తి గాలికి ఆరిపోయింది. కాఫీ తోటలో తడుముకుంటూ నడిచింది. కింది చేను చేరేసరికి తూర్పున మసక వెలుతురు. మొద్దు. మొదటి దిబ్బ. రెండో దిబ్బ...

రెండో దిబ్బ లేదు.

అక్కడ గుంట ఉంది. గునపంతో తవ్వింది కాదు. తవ్వితే మట్టి ఒక పక్కన పోగుపడి ఉండాలి. ఇక్కడ నలుదిక్కులా పడి ఉంది. అంచు మీద వేళ్ళతో పట్టుకున్న గుర్తులు. లమ్రియా మోకాళ్ళ మీద కూలబడి లోపలికి చూసింది.

అడుగున ఒక బట్ట ఉంది. చివకలేదు. తడవను కూడా తడవలేదు. చక్కగా నాలుగు మడతలు పెట్టి, పక్కకి పెట్టి ఉంది, పొద్దున్నే లేచి పక్క సర్దుకున్నట్టు. ఆమె చెయ్యి చాపి అందుకుంది. నల్లటి నేత, ఎర్ర అంచు. ఒక మూల ఎర్రనూలు అయిపోతే గోధుమరంగు వేసి ముగించింది తనే, జ్వరంతో మూలుగుతున్న పిల్ల పక్కన కూర్చుని. ఆ మూల అలాగే ఉంది.

"తియూర్!" అంది.

గుంట పక్కన బంకమట్టిలో పాదాల గుర్తులు. ఒట్టి కాళ్ళవి. లమ్రియా చెప్పు విడిచి తన పాదం ఒక దాని మీద పెట్టింది. వేలికి వేలు, మడమకి మడమ. సరిగ్గా సరిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల పాదం కాదది. పన్నెండేళ్ళూ మట్టిలో ఊరికే పడుకోలేదు పిల్ల. పెరిగింది. ఇరవై ఒక్కేళ్ళ మనిషై, దారి చూపేవాళ్ళు లేకుండానే, చీకట్లో తల్లి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

గుర్తులు కాఫీ తోటలోంచి పైకి పోయాయి. లమ్రియా బట్టని గుండెకి అదుముకుని వాటి వెంట నడిచింది, పరిగెత్తింది, పడింది, లేచింది. తన పెరటి దాకా వచ్చాయి. తలుపు ముందు ఒకచోట రెండు పాదాలూ లోతుగా దిగి ఉన్నాయి. చాలాసేపు నిలబడితేనే అలా దిగుతాయి. తర్వాత పక్కకి తిరిగి, ఇంటి గోడ వెంట, పైదారి వైపు వెళ్ళాయి. అక్కడ ఊరు మొత్తం నడిచిన వందల కాళ్ళ గుర్తుల్లో కలిసిపోయాయి.

ఆమె ఏం చేస్తుంది? పైకి పరిగెత్తింది.

సమాధుల దగ్గర చివరి పాట అయిపోయింది. మంచు ఇంకా విడలేదు. మనుషులు కనబడటం లేదు, కొవ్వొత్తుల చుట్టూ పసుపు మరకల్లా వెలుతురు మాత్రం కనిపిస్తోంది. ఆరాధన కాగానే అందరూ వరసకట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ప్రభువు లేచాడని చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. వరస అప్పటికే కదులుతోంది. సొందంగ్ ఆమె రెక్క పట్టుకుని వరసలోకి లాగింది.

"ఎక్కడికి పోయావ్ తియూర్ అమ్మా? ఆ మట్టేమిటి, ఆ అవతారమేమిటి! పెట్టె నువ్వే నెత్తిన పెట్టుకోవాలి, జ్ఞాపకం ఉందా?"

లమ్రియా వినలేదు. ఎదురుగా వస్తున్న ప్రతి ఆడపిల్ల ముఖంలోకీ చూస్తోంది. సెలవులకి మెదాన్ నుంచి వచ్చినవాళ్ళు, జకార్తా నుంచి వచ్చినవాళ్ళు, పేర్లు తెలియనివాళ్ళు, శాలువాలు తలమీదుగా కప్పుకున్నవాళ్ళు. ఇరవై ఏళ్ళవాళ్ళే ముప్ఫై మంది ఉంటారు. ఏ ముఖం తనదో ఎలా తెలుస్తుంది? తొమ్మిదేళ్ళ ముఖం తప్ప ఆమె దగ్గర ఇంకో ముఖం లేదు.

చేతులు వస్తున్నాయి, పోతున్నాయి. మొరటు చేతులు, ముసలి చేతులు, పసిపిల్లల జిగురు చేతులు. "ప్రభువు లేచాడు." "నిజంగా లేచాడు." పాస్టరుగారి చెయ్యి. కాటికాపరి చెయ్యి. మొగుడి చెయ్యి కూడా వచ్చింది. అతను ఆమె చంకలో ఉన్న బట్టని చూసి గుర్తుపట్టి, దాని అంచు పట్టుకోబోయాడు. వెనకవాళ్ళు అతన్ని ముందుకి నెట్టేశారు.

తర్వాతి చెయ్యి ఆమె రెండు చేతుల్నీ కలిపి పట్టుకుంది. శాలువా ముఖం మీదికి జారి ఉంది. గడ్డం మాత్రం కనిపిస్తోంది.

"వేకువన మీ నిద్ర పాడుచేశాను, పిన్నిగారూ," అంది ఆ గొంతు, నెమ్మదిగా, పరాయి ఇంటివాళ్ళతో మాట్లాడే పద్ధతిగా. "ఏమీ అనుకోకండి. చీకట్లో ఇల్లు పొరబడ్డాను."

చేతులు వదిలింది. వరస కదిలింది. వెనక ఉన్న ఎవరో ముసలమ్మ చెయ్యి వచ్చి లమ్రియా చేతిలో పడింది.

ఆమె వరస తెంచుకుని మంచులోకి పడి అరిచింది. "తియూర్! నేనే, అమ్మని! తియూర్!" జనం కొవ్వొత్తులు ఎత్తి చూశారు. ఆ పేరు విని పార్లిన్ అందరినీ తోసుకుంటూ వచ్చి ఆమెని పట్టుకున్నాడు. శాలువాలు కప్పుకున్న ఆడపిల్లలు ఒక్కొక్కరే ముసుగు తీసి, ఏమైంది పెద్దమ్మా, ఎవర్ని పిలుస్తున్నావని అడిగారు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. వాళ్ళలో ఎవరి కాళ్ళకీ మట్టి లేదు.

తర్వాత సొందంగ్ తడిగుడ్డ తెచ్చి ఆమె అరచేతుల్లోని ఎర్రమట్టి తుడుస్తూ, చలికి బిగుసుకుపోయావు చూడు, మంచుగడ్డల్లా ఉన్నాయి చేతులు అని గొణిగింది. అందరి చేతులూ మంచుగడ్డల్లాగే ఉన్నాయి ఆ వేళ. ఆ ఒక్క చెయ్యే వెచ్చగా ఉంది.